కొలువుల లెక్కలో మన పొలం ఎక్కడ?

(సిద్దిపేటలో జరిగిన జిల్లా రైతుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వడ్ల కాంటాలు, యూరియా, పంట బీమా గురించి మాట్లాడుకోవాల్సిన సభలో యూనివర్సిటీల ముచ్చట ఎందుకని కొందరు అన్నలు పొద్దున అడిగారు. అడగాల్సిన మాటే. మూడు కారణాలు చెప్తాం. యూనివర్సిటీలను ఆధునీకరించడానికి, చదివిన పిల్లలకు కొలువులు వచ్చేటట్లు చేయడానికి విదేశాల నుంచి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం అప్పే. అప్పు తీర్చేది దేశ ప్రజలు, అంటే మనం కూడా. రెండోది, ఆ చదువు చదివేది మన పిల్లలు. మూడోది, ముఖ్యమైనది, వ్యవసాయ యూనివర్సిటీ పుట్టిందే మన పొలం కోసం. అందుకే అక్కడ ఏం నేర్పుతున్నారు, ఎవరి కోసం నేర్పుతున్నారు అని అడిగే హక్కు మనకున్నది.

విదేశీ సాయం అంటేనే వద్దనేవాళ్లం కాదు మేము. విత్తనం ఎక్కడి నుంచి వచ్చినా మన నేలలో మొలిస్తే అది మనదే. కానీ తెచ్చిన విత్తనం ఎవరి మడిలో పడుతున్నదో చూసుకోవాలి. ఈ రోజు చెప్పదలచుకున్నది అదొక్కటే.

కాన్సాస్ నుంచి రాజేంద్రనగర్ దాకా

ముందు పాత ముచ్చట. 1862లో అమెరికాలో ఒక చట్టం చేశారు. ప్రతి రాష్ట్రానికీ ప్రభుత్వ భూమి ఇచ్చి, అది అమ్మగా వచ్చిన డబ్బుతో రైతుల పిల్లలకు, కార్మికుల పిల్లలకు కాలేజీలు పెట్టమన్నారు. 1887లో ఆ కాలేజీలకు తోడుగా పరిశోధన క్షేత్రాలు పెట్టడానికి ఇంకో చట్టం చేశారు. 1914లో మూడో చట్టం వచ్చింది. కాలేజీలో తెలుసుకున్నది ఊర్లకు పోయి రైతులకు చెప్పడానికి మనుషులను పెట్టమన్నది ఆ చట్టం. చదువు, పరిశోధన, విస్తరణ అని ఈ మూడింటినీ కలిపి ఒకే సంస్థ కింద నడిపారు. విస్తరణ అంటే తెలిసిన విద్యను రైతు గడప దాకా తెచ్చుడు.

స్వాతంత్య్రం వచ్చిన తర్వాత మన దేశం ఆ పద్ధతిని తెచ్చుకున్నది. 1960లో పంత్‌నగర్‌లో దేశంలోనే మొదటి వ్యవసాయ యూనివర్సిటీ పెట్టారు. మన దగ్గర 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైంది. 1965 మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. అమెరికా ప్రభుత్వ సాయంతో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ దీనికి అండగా నిలిచింది. 1950ల నడుమ నుంచి 1970ల మొదలు దాకా అక్కడి అధ్యాపకులు ఇక్కడికొచ్చి పని చేశారు. మనవాళ్లు అక్కడికి పోయి చదువుకొని వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పారు.

ఆ సాయం వెనుక అమెరికా రాజకీయం లేదని మేము అనం. అది ప్రపంచం రెండు ముక్కలై ఉన్న కాలం. ఎవరి లెక్కలు వాళ్లకున్నాయి. అయినా అప్పుడు వేసిన పునాదిలో రైతుకొక చోటున్నది. పరిశోధన స్థానాలు జిల్లాల్లో ఉండాలి, ఆ ప్రాంతపు నేలను బట్టి పని చేయాలి అన్నది ఆ పద్ధతిలో భాగం.

దాని ఫలితం మన కల్లాల్లోనే కనబడుతది. సాంబ మసూరి అని మనం పిలిచే బీపీటీ 5204 బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో వచ్చింది. 1010 మారుటేరు నుంచి వచ్చింది. జగిత్యాల సన్నాలు మన పక్కన పొలాస పరిశోధన స్థానంలో తయారైనవి. కూనారం సన్నాలు పెద్దపల్లి జిల్లా కూనారంలో, తెలంగాణ సోన రాజేంద్రనగర్‌లో తయారయ్యాయి. ఇవన్నీ సర్కారు జీతం తీసుకునే శాస్త్రవేత్తలు, పొలంలో పనిచేసే కూలీలు కలిసి చేసిన పని. ఈ వడ్లను మనం ఇంట్లో దాచుకొని మళ్లా విత్తుకోవచ్చు. ఎవరికీ రాయల్టీ కట్టే పని లేదు. ప్రజల సొమ్ముతో నడిచే యూనివర్సిటీ అంటే ఏందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అప్పులు మారినయి, అడిగేవాళ్లు మారిన్రు

1990ల తర్వాత లెక్క మారింది. సర్కారు యూనివర్సిటీలకు ఇచ్చే సొమ్ము బిగబట్టుడు మొదలైంది. బయటి నుంచి ప్రాజెక్టులు రావడం పెరిగింది. 1995లో ప్రపంచ బ్యాంకు రుణంతో వ్యవసాయ మానవ వనరుల అభివృద్ధి ప్రాజెక్టు అని ఒకటి వచ్చింది. దేశంలో మూడు రాష్ట్రాలను ఎంచుకున్నారు: హర్యానా, తమిళనాడు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. యూనివర్సిటీల్లో సిలబస్‌లు మార్చుడు, భవనాలు, ల్యాబులు, అధ్యాపకులకు శిక్షణ దాని పని.

తర్వాత 2005లో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, మన ప్రధాని మన్మోహన్ సింగ్ కలిసి వ్యవసాయ విజ్ఞానం మీద ఒక ఒప్పందం ప్రకటించారు. వ్యవసాయ చదువును, పాఠ్యాంశాలను మార్చుకోవడం కూడా అందులో ఒక భాగం. 2006 మార్చి 3న బుష్ స్వయంగా రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీకి వచ్చారు. ఆ రోజుల్లో వామపక్షాలు, రైతు సంఘాలు ఎందుకు నిరసన తెలిపాయో చిన్నోళ్లకు తెలియకపోవచ్చు. ఆ ఒప్పందాన్ని నడిపే బోర్డులో అమెరికా తరఫున మోన్‌శాంటో, వాల్‌మార్ట్, ఏడీఎం కంపెనీలు కూర్చున్నాయి. ఒకటి విత్తనాల కంపెనీ, ఒకటి దుకాణాల కంపెనీ, ఒకటి ధాన్యం వ్యాపారం చేసే కంపెనీ. మన పిల్లలు ఏం చదవాలన్న ముచ్చటలో వాళ్లకు కుర్చీ దొరికింది. పత్తి రైతుకు దొరకలేదు.

ఆ ఏడాదే ఇంకోటి జరిగింది. బీటీ పత్తి విత్తనాల ధర మీద మన రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటో భాగస్వామ్య కంపెనీని ఎంఆర్‌టీపీ కమిషన్ ముందు నిలబెట్టింది. అప్పటిదాకా 1,600 రూపాయలకు పైగా అమ్మిన 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకు దిగింది. ఒక చేత్తో రైతు కోసం కొట్లాడిన కంపెనీకే, ఇంకో చేత్తో చదువుల బోర్డులో చోటిచ్చారు. సహకారం అనే మాట వినగానే మనం బోర్డులో ఎవరున్నారని అడిగేది ఇందుకే.

ఇప్పుడు దగ్గరి కాలానికి వద్దాం. 2017లో జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు వచ్చింది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని నాహెప్ అంటారు. మొత్తం 16.5 కోట్ల డాలర్లు, మన లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలు. అందులో సగం ప్రపంచ బ్యాంకు రుణం, సగం కేంద్ర ప్రభుత్వానిది. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, దీన్ని నడిపింది. వ్యవసాయ యూనివర్సిటీలు ప్లాన్లు రాసి పెట్టుకుంటే పోటీ మీద గ్రాంట్లు ఇచ్చారు. ఆన్‌లైన్ తరగతి గదులు, కొత్త ల్యాబులు, విద్యార్థులకు, అధ్యాపకులకు విదేశాల్లో శిక్షణ, పిల్లలకు స్టార్టప్‌ల మీద ప్రోత్సాహం దీంట్లోనే వచ్చాయి.

ఇందులో మంచి లేదా అంటే ఉన్నది. ఊరి బడిలో తెలుగు మీడియం చదివిన బిడ్డ విదేశీ యూనివర్సిటీ ల్యాబులో పని నేర్చుకొని రావడం చిన్న ముచ్చట కాదు. పాత మైక్రోస్కోపుల చోట కొత్తవి రావడం, ఊర్లో ఉండి కూడా మంచి అధ్యాపకుడి పాఠం వినగలగడం అవసరమే. మేము అడిగేది వేరే. ఆ ప్రాజెక్టు విజయాన్ని దేనితో కొలిచారు?

కొలిచిన తరాజు ఏది?

ఏ ప్రాజెక్టుకైనా ఒక కొలత ఉంటది. నాహెప్‌లో ముఖ్యంగా చూసినవి ఇవి: పిల్లలు టైముకు పట్టా తీసుకున్నారా, ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది, అధ్యాపకుల పరిశోధన ఎంత పేరు తెచ్చింది, యూనివర్సిటీ సొంతంగా ఎంత రాబడి తెచ్చుకున్నది. నాలుగూ ముఖ్యమైనవే. కానీ ఈ నాలుగింటిలో రైతు ఎక్కడున్నడు? ఆ యూనివర్సిటీ చుట్టుపక్కల ఊర్లలో మందుల ఖర్చు తగ్గిందా, దిగుబడి నిలబడిందా, చెప్పేవాడు లేక నష్టపోయిన రైతులు తగ్గారా అన్నది ఆ తరాజులో పెట్టలేదు.

కొలతను బట్టే పని జరుగుతది. ఐకేపీ సెంటర్‌లో తేమ శాతం కొలిస్తే అందరం వడ్లు ఎండబెడతాం. తాలు చూస్తే తూర్పార పడతాం. యూనివర్సిటీని ప్లేస్‌మెంట్ల మీద కొలిస్తే, ప్లేస్‌మెంట్ ఇచ్చే కంపెనీ దిక్కే చూస్తది. దాంట్లో అధ్యాపకుల తప్పేం లేదు.

మరి ప్లేస్‌మెంట్ అంటే ఏం కొలువు? మన సంఘం సభ్యుల ఇళ్లలోనే బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన పిల్లలున్నారు. కొందరు బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారులయ్యారు. కొందరు ఏఈఓలుగా ఎంపికయ్యారు. కొందరు ఏండ్ల తరబడి హైదరాబాద్‌లో గదులు కిరాయికి తీసుకొని పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ఇంకా కొందరు పురుగుమందుల కంపెనీల్లో, విత్తన కంపెనీల్లో చేరారు. మాకు తెలిసిన ఒక పిల్లగాడు అట్లాంటి కంపెనీలో చేరి, నెలకింత అమ్మాలని టార్గెట్ పెట్టుకొని, తన మేనమామ పత్తి చేనుకే మందు డబ్బా పట్టుకొని వచ్చిండు. మేనమామ అడిగిండు: "బిడ్డా, ఈ చేనుకు ఈ మందు అక్కర ఉన్నదా?" పిల్లగాడు తల వంచుకున్నడు. నాలుగేండ్లు చదువులో వాడు నేర్చుకున్నది, పురుగు నష్టం చేసే హద్దు దాటేదాకా మందు కొట్టొద్దని. కొలువులో వాడు చేయాల్సింది, హద్దు చూడకుండా మందు అమ్మడం.

ఆ పిల్లగాడిని తప్పు పట్టేది లేదు. ఇంట్లో అప్పున్నది, చెల్లె పెండ్లున్నది. లెక్కల ప్రకారం వాడు ప్లేస్‌మెంట్ అయిన విద్యార్థి. ప్రాజెక్టు రిపోర్టులో విజయం. మేనమామ చేనులో మాత్రం ఇంకో డబ్బా ఖర్చు. ఒకే మనిషి ఒక లెక్కలో లాభం, ఇంకో లెక్కలో నష్టం ఎట్లయితున్నడు? రెండు లెక్కలూ ఒక్క కాగితం మీద రాయకపోవడమే కారణం.

సర్కారు కొలువుల సంగతి కూడా చూడండి. మన రాష్ట్రంలో ఐదు వేల ఎకరాలకొక క్లస్టర్ చేశారు, క్లస్టర్‌కొక రైతు వేదిక కట్టారు. రాష్ట్రమంతా కలిపి 2,601 రైతు వేదికలు. క్లస్టర్‌కొక ఏఈఓ. ఆలోచన మంచిదే. కానీ ఆ ఏఈఓ పంటల నమోదు చేయాలి, రైతు బీమా కాగితాలు చూడాలి, కొనుగోళ్ల సమయంలో కేంద్రాల దగ్గర ఉండాలి, పైనుంచి వచ్చిన ప్రతి ఫారమూ నింపాలి. పొలం గట్టు మీద నిలబడి ఆకు తిప్పి చూసే టైము ఎక్కడున్నది? చదివిన చదువు సెల్‌ఫోన్ ఫోటోలకే సరిపోతున్నది. కాన్సాస్ నుంచి తెచ్చుకున్న మూడు కాళ్ల పీటలో మూడో కాలు, విస్తరణ, ఇట్లా చిక్కిపోయింది. ఆ ఖాళీలోకి మందుల దుకాణం వచ్చి కూర్చున్నది. ఈ రోజు మనలో ఎక్కువ మందికి వ్యవసాయ సలహా చెప్పేది ఎవరంటే, ఉద్దెర ఇచ్చే దుకాణపాయన.

మనల్ని అడిగిన ప్రాజెక్టులూ ఉన్నాయి

విదేశీ సహకారం అంటే ఎప్పుడూ ఇట్లనే ఉంటదా? ఉండాల్సిన పని లేదు. మన దగ్గరే వేరే తీరు నడిచింది.

1990ల నడుమ నుంచి 2007 దాకా నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్-నెదర్లాండ్స్ బయోటెక్నాలజీ కార్యక్రమం నడిచింది. హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ దాన్ని నడిపింది. పాలమూరు, నల్లగొండ జిల్లాల మెట్ట రైతులను ముందు పెట్టుకున్నారు. మొదట ల్యాబు కట్టి తర్వాత రైతును వెతకలేదు. ముందు రైతులతో కూర్చొని మీ ఇబ్బందులేంది అని అడిగారు. ఆ తర్వాతే ఏ పని చేయాలో తేల్చి, యూనివర్సిటీల శాస్త్రవేత్తలకు పరిశోధన అప్పగించారు. జీవ ఎరువులు, జీవ పురుగుమందులు, వానపాముల ఎరువు లాంటి తక్కువ ఖర్చు పనులు ఇట్లా ముందుకొచ్చాయి. డబ్బు ఇచ్చిన దేశం దూరాన ఉన్నా, ప్రశ్న మాత్రం చెలకలోంచి వచ్చింది.

ఇంకోటి మన పాత మెదక్ జిల్లాలోనే జరిగింది. 2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్ ఊర్లో ప్రజాతీర్పు అని పెట్టారు. అప్పటి ప్రభుత్వం విజన్ 2020 పత్రంలో వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తామని రాసుకున్నది. బ్రిటన్ అప్పుడు మన రాష్ట్రానికి పెద్ద ఎత్తున సాయం ఇస్తున్నది. అల్గోల్‌లో చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు. అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీల మనుషులను సాక్షులుగా పిలిచి ప్రశ్నలడిగారు. చివరికి ఆ దారి మాకొద్దని, కూలి పని పోగొట్టే యంత్రాలు, జన్యు మార్పిడి పంటలు కాదని, స్థానిక విత్తనం, నేల మీద పట్టు కావాలని తీర్పు చెప్పారు. ఆ తీర్పు మీద బ్రిటన్‌లో కూడా పెద్ద చర్చ జరిగింది.

ఆ జ్యూరీలో కూర్చున్నవాళ్లలో చాలామందికి చదువు లేదు. అయినా వేల కోట్ల ప్లానును పట్టుకొని సరైన ప్రశ్న అడిగారు. పదో తరగతి దాకా చదివిన మనకు, డిగ్రీలు చదివిన మన పిల్లలకు అడగడం చేతకాదా?

ఇంకో ఉదాహరణ చెప్తాం. మన పక్కన కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉన్నది. ఆ క్యాంపస్ కట్టడంలో జపాన్ రుణం ఉన్నది. అక్కడి విద్యార్థులు పై చదువులకు జపాన్ పోయేటట్లు స్కాలర్‌షిప్‌లు పెట్టారు. జపాన్‌లో పని చేసే వయసువాళ్లు తగ్గుతున్నారు, వాళ్లకు చదువుకున్న పిల్లలు కావాలి. మనకు క్యాంపస్ కావాలి. ఇచ్చేవాళ్ల అవసరం, తీసుకునేవాళ్ల అవసరం రెండూ బయటికి కనబడుతున్న బేరమది. అట్లా తెలిసి చేసుకుంటే తప్పు లేదు. వ్యవసాయ చదువులో కూడా అట్లనే మన అవసరం ఏందో ముందు మనం చెప్పాలి. మనం చెప్పకపోతే వేరేవాళ్లు మన తరఫున చెప్తారు.

సిద్దిపేట అవసరం ఏంది?

మన జిల్లా సంగతి చూద్దాం. ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడే అటవీ కళాశాల ఉన్నది. తోర్నాలలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, మల్లన్న సాగర్ కట్టిన తర్వాత పంటల తీరు మారింది. ఒకప్పుడు బోరు ఎండి ఏడ్చిన ఊర్లలో ఇప్పుడు వరి వేస్తున్నారు. గజ్వేల్, ములుగు, వర్గల్ దిక్కు కూరగాయలు, ఇంకో దిక్కు ఆయిల్‌పామ్, మల్బరీ. పంట మారిందంటే దాని తెగులు మారింది, మార్కెట్ మారింది. చెప్పే మనిషి కూడా మారాలి.

వంటిమామిడి కూరగాయల మార్కెట్ ములుగు మండలంలోనే ఉన్నది. అదే మండలంలో ఉద్యాన యూనివర్సిటీ. టమాట ధర పడిపోయిన రోజు రైతు డబ్బాలు రోడ్డు మీద పోసి ఇంటికి పోతడు. యూనివర్సిటీ గేటు నుంచి మార్కెట్ గేటుకు ఉన్న ఆ కొద్ది దూరాన్ని ఏ విదేశీ ప్రాజెక్టయినా తగ్గిస్తే, అదే అసలైన ఆధునీకరణ అంటాం మేము. టమాటను గ్రేడింగ్ చేయడం, చల్లగా నిల్వ పెట్టడం, ధర లేనప్పుడు గుజ్జు చేయడం, ఏ వారం ఎంత నారు పోయాలో లెక్క చెప్పడం. ఇవన్నీ చదివిన పిల్లలు చేయగలిగిన పనులు, ఇవే కొలువులు. ఇక్కడ పని లేక కాదు, పనికి జీతం ఇచ్చే ఏర్పాటు లేక పిల్లలు ఊరు దాటుతున్నారు.

బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరు ఏడాది పిల్లలు గ్రామీణ వ్యవసాయ పని అనుభవం పేరుతో మన ఊర్లకు వచ్చి ఉంటారని మీకు తెలుసు. 2015 నుంచి దీన్ని స్టూడెంట్ రెడీ అనే కార్యక్రమంలో కలిపారు. పిల్లలు మన ఇళ్లకు వస్తారు, మట్టి నమూనాలు తీస్తారు, రంగవల్లితో ఊరి పటం వేస్తారు, విత్తన శుద్ధి చేసి చూపిస్తారు. మనం కూడా ఇంటి పిల్లల్లాగే చూసుకుంటాం. తర్వాత రికార్డు రాసుకొని పోతారు. ఆ రికార్డు యూనివర్సిటీ బీరువాలో ఉంటది. మన ఊరి మట్టిలో ఏం తక్కువున్నదో రాసిన కాగితం మన ఊర్లో ఉండదు. ఇదొక్కటి మార్చడానికి ఏ బ్యాంకు రుణమూ అక్కర్లేదు.

మేము అడిగేవి

సంఘం తరఫున ఇవి డిమాండ్లుగా పెడుతున్నాం.

ఒకటి. వ్యవసాయ, ఉద్యాన యూనివర్సిటీల్లో విదేశీ సాయంతో, రుణంతో నడిచే ప్రతి ప్రాజెక్టు వివరాలు తెలుగులో రైతు వేదికల్లో పెట్టాలి. ఎంత సొమ్ము, ఎవరిది, తిరిగి కట్టాలా, షరతులేంది, ఏం కొన్నారు అన్నది రైతుకు తెలియాలి.

రెండు. ప్లేస్‌మెంట్‌తో పాటు ఇంకో కొలత పెట్టాలి. పట్టా తీసుకున్న మూడేండ్ల తర్వాత ఆ పిల్లలు ఎక్కడ, ఏ పని చేస్తున్నారు? వాళ్ల పని వల్ల చుట్టూ ఉన్న రైతులకు ఏం ఒరిగింది? రైతులను అడిగి రాయాలి.

మూడు. పని అనుభవం కోసం వచ్చే పిల్లలు తయారుచేసిన రిపోర్టును ఊరు వదిలే ముందు గ్రామ సభలో చదవాలి. ఒక ప్రతి పంచాయతీలో ఉంచాలి. మరుసటి ఏడాది వచ్చే బ్యాచ్ అదే ఊర్లో అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నాలుగు. సిలబస్ మార్చే కమిటీల్లో, ప్రాజెక్టులను సమీక్షించే కమిటీల్లో రైతులుండాలి. వారిలో మహిళా రైతులు, కౌలు రైతులు తప్పక ఉండాలి. కంపెనీల ప్రతినిధులకు కుర్చీ ఉన్న ప్రతి బల్ల దగ్గరా రైతుకూ కుర్చీ ఉండాలి.

ఐదు. ఏఈఓలను కాగితాల పని నుంచి విడిపించాలి. ఖాళీలు నింపాలి. సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు వ్యవసాయ పట్టభద్రులను పెట్టుకుంటే మొదటి కొన్నేండ్లు జీతంలో భాగం సర్కారు ఇవ్వాలి. మందు అమ్మితే కాదు, మందు తగ్గిస్తే జీతం వచ్చే కొలువు ఒకటి ఉండాలి.

ఆరు. వ్యవసాయ డిగ్రీలో రైతు కోటా కింద 40 శాతం సీట్లున్నాయి. పాస్‌బుక్ లేని కౌలు రైతు బిడ్డ కూడా రైతు బిడ్డే. ఆ బిడ్డకూ ఈ కోటా అందాలి.

మన వంతు పని

డిమాండ్లు రాసి ఊరుకుంటే పని కాదు. మన వంతు కూడా ఉన్నది.

పిల్లలను వ్యవసాయ డిగ్రీలో చేర్చేవాళ్లు ముందు ఆ కాలేజీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉన్నదా అని కాగితం చూపించమని అడగండి. లక్షలు ఫీజు కట్టిన తర్వాత ఆ పట్టా సర్కారు కొలువుకు పనికి రాదంటే ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఊర్లో ఉండి సొంతంగా ఏదైనా చేయాలనుకునే పట్టభద్రులకు అగ్రి క్లినిక్ పథకం 2002 నుంచి ఉన్నది. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల శిక్షణ ఉచితంగా ఇస్తారు. బ్యాంకు రుణం మీద 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం సబ్సిడీ ఉన్నది. మట్టి పరీక్ష కేంద్రం, నారు పెంపకం, పనిముట్ల కిరాయి కేంద్రం ఇట్లాంటివి పెట్టుకోవచ్చు. శిక్షణ పొందినా బ్యాంకు రుణం దగ్గర ఆగిపోయినవాళ్లు మన జిల్లాలో ఉంటే సంఘానికి చెప్పండి. ఆ బ్యాంకు దగ్గరికి ఒక్కరే పోకుండా అందరం కలిసి పోదాం.

మన ఊరికి విద్యార్థులు వస్తే అన్నం పెట్టి పంపడమే కాదు, ప్రశ్నలు అడగండి. మా మట్టిలో ఏం తక్కువ? ఈ మందు అక్కర ఉన్నదా? ఈ పంటకు మా నీళ్లు సరిపోతాయా? పిల్లలకు తెలియకపోతే వాళ్ల సార్లను అడిగి చెప్పమనండి. రైతు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లగాడు ఆ పాఠం జన్మలో మరువడు. కొలువుకు పనికొచ్చే నైపుణ్యం అంటే ఇంగ్లీషులో గడగడ మాట్లాడటం ఒక్కటే కాదు, పొలం గట్టు మీద తెలుగులో నిజం చెప్పగలగడం కూడా.

వచ్చే నెల మండల కమిటీలు కూర్చున్నప్పుడు ప్రతి కమిటీ మూడు ప్రశ్నలు రాసి తేవాలి. మీ మండలంలో పంటకు సంబంధించి ఎవరూ జవాబు చెప్పని మూడు ప్రశ్నలు. వాటన్నిటినీ కలిపి ములుగు యూనివర్సిటీకి, రాజేంద్రనగర్ యూనివర్సిటీకి, తోర్నాల పరిశోధన స్థానానికి సంఘం తరఫున తీసుకుపోదాం. తగువుకు కాదు, పని అప్పగించడానికి పోదాం. మన సొమ్ముతో నడిచే సంస్థలకు మన ప్రశ్న ఇవ్వడం మన హక్కు, వాటికి కూడా మేలు. మంచి ప్రశ్న లేని పరిశోధనకు ఎన్ని కోట్లు పోసినా రిపోర్టులే వస్తాయి.

రేపు ఇంకో దేశం, ఇంకో బ్యాంకు, ఇంకో ప్రాజెక్టు వస్తది. రానివ్వండి. ఆ కాగితంలో పిల్లల కొలువులు ఎన్ని అని రాసిన చోట, దాని కిందనే రైతుకు ఏం ఒరిగింది అని ఇంకో గీత గీయించే దాకా మనం అడుగుతూనే ఉందాం.

జై కిసాన్.